మా చేను మన్ను

మా ఇంట్లో బూడిదంటే అందరికీ గురి. పొయ్యిలో బూడిదను అమ్మ పొద్దున్నే వంగ మొక్కల మీద చల్లేది, పురుగు పట్టేది కాదు. అందుకే చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న మా చేలోకి, ఏ ఊరి ఫ్యాక్టరీదో బూడిద ట్రాక్టర్లకొద్దీ ఊరికే తోలిస్తామనగానే నాన్న ఎగిరి గంతేశాడు. ఊరికే ఎందుకిస్తున్నారని అడగాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను అప్పుడే బడిలో టీచరుగా చేరాను.

కొన్నేళ్లకు మిర్చి తోట పాలిపోయింది. ఏ మందు కొట్టినా లాభం లేకపోయేసరికి వ్యవసాయాఫీసు సారు వచ్చి, మన్ను సంచిలో కట్టి పరీక్షకు పట్టుకెళ్లాడు.

ఆ రోజుల్లోనే అక్క పురిటికి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు మన్ను తినబుద్ధి కావడం మా వైపు వింతేమీ కాదు. తొలకరి వాసనకే అక్కకు నోట్లో నీళ్లూరేవి. సంతలో అమ్మే మట్టిబిళ్లలు ఎక్కడ తవ్వి తెస్తారోనని అమ్మకు అనుమానం. మన చేనుదైతే శుభ్రమని తనే కొంగులో మూటగట్టి తెచ్చి, రాళ్లేరి, పెనం మీద వేయించి పెట్టేది. అక్క ఆ గడ్డలను బెల్లం ముక్కల్లా చప్పరించేది. నేను ఆటపట్టిస్తే, పుట్టేది పెద్ద రైతేలే అని నవ్వేది.

సారు మళ్లీ వచ్చింది ఒక ఆదివారం. మేం అప్పుడే చర్చి నుంచి వచ్చాం. మన్నులో సీసం ఉండకూడనంత ఉందని, ఆ బూడిదతోనే వచ్చి ఉంటుందని, ఆ చేలో ఆకుకూరలు వేయొద్దని చెప్పాడు. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు మరీ చెడ్డదన్నాడు.

అమ్మ మంచినీళ్ల చెంబుతో అలాగే నిలబడిపోయింది.

"కూర కాదు సారూ, మన్నే తింటే ఏమైతది?"

ఆయనకు అర్థం కాలేదు. మన్ను ఎవరు తింటారమ్మా అన్నాడు. ఆ ట్రాక్టరు వాళ్లు కనబడితే గొంతు పిసికేవాణ్ణి. పక్కనే నాన్న తల దించుకుని కూర్చున్నాడు, ఆయన మీదా కోపమొచ్చింది.

అమ్మ చెంబు కింద పెట్టి లోపలికి పరుగెత్తింది. అక్క దవడ పట్టుకుని, చంటిపిల్లకు పెట్టినట్టు నోట్లో వేలు పెట్టి, ఉన్నదంతా బయటికి లాగింది. ఉమ్మెయ్ బిడ్డా, ఉమ్మెయ్ అంటూనే ఉంది.

అక్క ఉమ్మింది. తర్వాత రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అమ్మ ముఖంలోకి చూసింది.

"నోట్లది ఉమ్మిన. కడుపులకు పోయింది ఎట్ల తీస్తవే అమ్మా?"