తాడు పట్టినవాళ్ళ వాటా

కొత్త కారు కొన్న నెలలోనే మా ఆయనా నేనూ ఆ తీరానికి వెళ్ళాం. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. అందరూ వెళ్ళే బీచ్‌లో జనం ఎక్కువని, నౌపడ దాటి ఉప్పుమళ్ళ మధ్య మట్టిరోడ్డు పట్టుకుని పోతే ఎవరూ రాని చోటుందని ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారట. ఎవరూ రాని చోటంటే మాలాంటివాళ్ళు రాని చోటని. అక్కడ బతికేవాళ్ళు అక్కడే ఉన్నారు.

మేం వెళ్ళేసరికి ఓ పాతికమంది, ఆడా మగా, సముద్రంలోంచి పెద్దవల లాగుతున్నారు. నాకు ఫొటో సరదా పుట్టింది. కుచ్చెళ్ళు దోపుకుని నేనూ తాడు పట్టుకున్నాను. ఫేస్‌బుక్‌లో పెట్టుకోడానికి నాలుగు ఫొటోలు తీయించుకుని వదిలేశాను. లాగానని చెప్పడానికి నాకే నోరు రాదు.

గంట తర్వాత వల ఒడ్డుకొచ్చింది. ఆ రోజు పెద్దగా ఏమీ పడలేదు. ఉన్న కాసిని కవళ్ళ చేపల్నీ ఇసుక మీద చిన్న చిన్న కుప్పలు పోశారు. ఒక పెద్దావిడ అందులో ఒక కుప్పను కవర్లో వేసి నా చేతికిచ్చింది.

"వద్దమ్మా, నేనేం చేశాను?"

"తాడు మీద సెయ్యేసినోల్లందరికీ వాటా ఉంటాదమ్మా. ఒద్దనకూడదు. ఒద్దంటే రేపు వల్లో సేప పడదు."

తీసుకున్నాను. నవ్వుతూ దణ్ణం కూడా పెట్టాను.

కారెక్కిన పది నిమిషాలకే వాసన. నీళ్ళు కారి సీటు పాడవుతుందేమోనని నా బెంగ. "కాసేపు ఓర్చుకో, కోటబొమ్మాళిలో ఐసు వేయిద్దాం" అన్నాడాయన. వినలేదు. ఉప్పుమళ్ళ దగ్గర కారాపించి కవర్ని గట్టు కిందికి విసిరేశాను. సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుంటుంటే వెనకే ఆటో వచ్చి ఆగింది. దిగింది ఆ పెద్దావిడే. తన వాటా చేపలు తట్టలో పెట్టుకుని అమ్మకానికి బయల్దేరింది.

గట్టు కింద చిట్లిన కవర్ని చూసింది. "అయ్యయ్యో, జారిపోనాది కామోసు!"

"ఔనమ్మా, డోరు తియ్యగానే జారిపోయింది" అన్నాను. బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పే నోటితో, ఒక్క క్షణం తడుముకోకుండా.

ఆమె గట్టు దిగి, బురదలో పడ్డ చేపల్ని ఒక్కొక్కటే ఏరింది. మా ఆయన తలొంచుకుని సాయానికి దిగాడు. నేను గట్టు మీదే నిలబడి తడిచేతులు కొంగుకి తుడుచుకున్నాను. ఏరినవాటిని తట్టలో ఒక పక్కన వేసుకుని, రెండో పక్క నుంచి అన్నే మంచివి తీసి, కొత్త కవర్లో ముడేసి నా చేతిలో పెట్టింది.

"మట్టంటుకున్నవి నీకెందుకమ్మా? ఈటిని నాను కడుక్కుని ఇంటికాడ ఒండుకుంటాను. నీ వాటా నువ్వట్టుకెల్లు."

ఆమె తట్ట సర్దుకుని ఆటో ఎక్కేదాకా నిజం చెప్పడానికి నాకు బోలెడంత వ్యవధి ఉంది. నేను థాంక్స్ చెప్పాను.