చెంబెడు నీళ్ల వెంట

మొన్న ఆదివారం పొద్దున మా సోషల్ మేడం ఆస్పత్రిలో పోయారు. స్కూల్ గ్రూపులో కబురు చదవగానే నేను కిటికీ తీసి ఆకాశం చూశాను. మబ్బు కమ్ముకుని ఉంది.

ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు లేని ఇల్లు మా లాలాగూడలో తక్కువ. నేనూ ఆవిడ స్టూడెంట్‌నే. తర్వాత అదే స్కూల్లో టీచర్‌గా చేరాను. ఏటా వానలకు ముందు మేడం పిల్లలకు పాత కట్టడాలు చూపించేవారు. టూరిస్టు గైడులా జెండా పట్టుకుని ముందు నడిచే రకం కాదు. రైల్వే క్వార్టర్ల దగ్గర ఎత్తు మీద చెంబెడు నీళ్లు పోసి, అవి ఎటు పారితే అటు నడిపించేవారు. ఇంకిపోతే మళ్లీ పోసేవారు. దారిలో పెంకుటిళ్లు, సున్నపు గోడలు, రాతి కాలువ, మూతేసిన బావి. "ఆ కాలపోళ్లు ముందుగాల నీళ్ల దారి చూసిండ్రు, ఆ తర్వాతనే గోడ లేపిండ్రు" అనేవారు. మాడు పగిలే ఎండలో ఈవిడకిదేం పిచ్చి అని మేం గొణుక్కునేవాళ్లం. ఇవాళ ఏ ఇంటికి వెళ్లినా ముందు వాకిలి వాలు చూస్తాను. ఆ చూపు ఆవిడ పెట్టిన భిక్షే.

కిందటేడు ఆ నీళ్లు మా వీధి మలుపు తిరిగాయి. మా అపార్ట్‌మెంట్ గేటు కింద దూరి, ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి జారాయి. మా వాచ్‌మన్ కుటుంబం ఉండేది అక్కడే. పాత కాలువను పూడ్చి మా బిల్డింగ్ కట్టారని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మేడం కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక్కటే అడిగారు.

"పెద్ద వాన పడ్తే వీళ్లు యాడికి పోతరమ్మా?"

వాళ్లకు పైన ఖాళీగా ఉన్న గది ఇమ్మని అసోసియేషన్ మీటింగుల్లో గొంతు చించుకున్నాను. అది జిమ్‌కట. ఇన్నేళ్లూ రాని నీళ్లు ఇప్పుడెందుకొస్తాయని నవ్వారు మహానుభావులు. మేడం ఆస్పత్రి మంచం మీంచి కూడా ఫోన్ చేసేవారు. ఒంట్లో ఎలా ఉందని నేను అడగబోతే వినేవారు కాదు.

"పైకి మార్చిండ్రా?"

ఇంకా లేదని చెప్పడానికి ప్రతిసారీ నా ప్రాణం మీదికొచ్చేది.

నిన్న పిల్లల్ని ఆ నడకకు నేనే తీసుకెళ్లాను. మేడం చెల్లెలు ఆ చెంబు నా చేతికిచ్చారు. పొద్దున పడ్డ చినుకులకు రోడ్డు అప్పటికే తడిసి ఉంది. పోసిన నీళ్లు ఎక్కడా ఇంకలేదు, మళ్లీ పోయాల్సిన పనే పడలేదు. మేం ఇంకా ర్యాంపు దిగుతుండగానే అవి సెల్లార్‌లో వాచ్‌మన్ గది గడప దాకా వెళ్లి ఆగాయి.

వాచ్‌మన్ భార్య పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. నీళ్లను చూసింది, నా చేతిలో చెంబు చూసింది. పైన ఎక్కడో ఉరిమింది. ఆమె లోపలికి వెళ్లి, నేల మీదున్న బియ్యం మూట ఎత్తి మంచం మీద పెట్టింది.