చాటెడు తవుడు

చిన్నప్పుడు కొన్నాళ్లు కరీంనగర్ బస్టాండు వెనక బతికానని చెబితే, వినేవాళ్లు వెంటనే మొహం దిగాలుగా పెట్టి "అయ్యో" అంటారు. ఆ అయ్యోలంటే నాకు ఒళ్లు మంట. అప్పుడు ఒక్కరూ అనలేదు. అన్నా కడుపు నిండేది కాదనుకోండి.

మా బాపు బొగ్గుబావుల్లో పని దొరుకుతుందని మంచిర్యాల వైపు పోయి మళ్లీ రాలేదు. ఆ తర్వాత మమ్మల్ని కన్న అవ్వను గత్తర ఎత్తుకుపోయింది. వాంతులు, విరేచనాలు. పొద్దున నీళ్లు చేదిన మనిషి సాయంత్రానికి లేదు. కిరాయికిచ్చిన ఇంటాయన మమ్మల్ని బయటికి పంపి గదికి సున్నం కొట్టించాడు. నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో, తమ్ముడికి నాలుగు నిండలేదు. వాణ్ణి చంకన వేసుకుని జనం ఎటు పోతుంటే అటు పోయాను. అలా బస్టాండు చేరాం.

అక్కడ మాలాంటి పిల్లలు ఇంకొందరు ఉండేవాళ్లు. అందరిలోకీ పెద్దపిల్ల ఒకతి నాకు బతకడం నేర్పింది. హోటల్లో ఎంగిలి విస్తర్లు ఎప్పుడు పారేస్తారు, కుక్కల కంటే ముందు ఎట్లా చేరాలి, ఏ కండక్టరు తంతాడు, ఏ డ్రైవరు చూసీ చూడనట్టు పోతాడు, అన్నీ ఆమే చెప్పింది.

"ఏడ్వకే పోరీ, ఏడిస్తే ఇంకింత ఆకలైతది" అనేది. అది నిజమే. నేను ఏడ్చి చూశాను.

ఆమె వెంట ఎప్పుడూ ఒక చిన్నపిల్ల ఉండేది. సొంత చెల్లెలో కాదో ఎవరికీ తెలియదు. తొలి వానలకు ఆ పిల్లకు జ్వరం వచ్చింది. రేకుల షెడ్డు కింద తడిగోనె మీద పడుకుని, ఒకనాటి పొద్దున లేవలేదు. మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకుపోయింది. పెద్దపిల్ల ఏడవలేదు. ఆ రోజు విస్తర్ల దగ్గరికి మాత్రం రాలేదు.

తర్వాత మా తమ్ముడి ఒళ్లు కాలడం మొదలైంది. పొట్ట ఉబ్బింది, కాళ్లు పుల్లలయ్యాయి. సర్కారు దవాఖానకు ఎత్తుకుపోతే కంపౌండరు చేదుమందు పోసి, "పాలు తాగియ్యి" అన్నాడు. సలహా మంచిదే. పాలెక్కడ దొరుకుతాయో మాత్రం చెప్పలేదు. వాడు కూడా లేవకుండా పోతాడని నాకు భయం పట్టుకుంది. అంత భయం అవ్వ పోయినప్పుడు కూడా పడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, వీడికి ఇంకో అవ్వ ఉందని.

వీడికి ముందు మా అవ్వకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. అప్పట్లో మేము నేతగాళ్ల వాడలో ఉండేవాళ్లం. బిడ్డ నిలవాలని, వీడు పుట్టగానే చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి మగ్గం ఆయన భార్య వచ్చి, "నాకు పిలగాడు దొరికిండు, గీడు నా బిడ్డె" అని ఎత్తుకుంది. మా అవ్వ చాటెడు తవుడు ఆమెకిచ్చి బిడ్డను కొనుక్కుంది. పెంట మీద నుంచి తెచ్చిన బిడ్డను చావు కూడా ముట్టదట. గుర్తుకు ముక్కు కుట్టి ఇత్తడిపుల్ల పెట్టారు. ఆ తవుడు చాట ఒక అంచు నేనే పట్టుకున్నాను.

పెద్దవాళ్లకు అది ఆనవాయితీ. నాకు మాత్రం బేరమే. బేరమన్నాక తిరగేయవచ్చు కదా.

వాణ్ణి వీపున వేసుకుని ఆ వాడకు పోయాను. ఆమె గడపలో నూలు కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది, వాడి ముక్కుపుల్ల చూశాక గుర్తుపట్టింది.

"మీ అవ్వేదే?" అంది.

"గత్తరొచ్చి పోయింది. మా అవ్వ నీకిచ్చిన తవుడు మాకియ్యి. గీణ్ణి నువ్వు తీస్కో" అన్నాను.

ఆమె కండె చుట్టడం ఆపింది. తర్వాత మెల్లగా, "గది పిల్లలు బతకాలని చేసేది బిడ్డా, నిజం బేరం గాదు. మాకే నలుగురున్నరు" అంది.

లోపల మగ్గం ఆగింది. ఆమె భర్త మగ్గం గుంటలో కూర్చునే అన్నాడు, "ఎత్తుకున్ననాడు నా బిడ్డె అంటివి గదా. గిప్పుడు కాదంటే ఎట్లనే?"

ఆమె కండెలన్నీ గంపలో వేసింది. తర్వాత లేచి లోపలికి పోయి చాట నిండా తవుడు తెచ్చి నా లంగా ఒడిలో పోసింది. పోస్తూ ఏడ్చింది.

"జర సమజ్ చేస్కో బిడ్డా, ఇద్దర్ని సాకలేం" అంది.

"నన్నెవరూ పెంట మీద పెట్టలే" అన్నాను. అందులో దెప్పిపొడుపు లేదు. ఉన్న మాటే చెప్పాను.

వాణ్ణి దించితే నా మెడ వదలలేదు. వేళ్లు ఒక్కొక్కటే ఊడదీయాల్సి వచ్చింది. వాడి ఏడుపు వాడ చివరిదాకా వినిపించింది, నేను వెనక్కి చూడలేదు. బావి దగ్గర తవుడును నీళ్లతో తడిపి ముద్దలు చేసి తిన్నాను. నా తమ్ముణ్ణి ఇచ్చి తెచ్చుకున్న తిండి అది. ఆకలి అట్లాంటిది. కడుపు నిండాక వాంతి అయింది.

వానాకాలం, చలికాలం గడిచాయి. బీడీలు చేసే ఒక ముసలమ్మ నన్ను ఆకులు కత్తిరించడానికి పెట్టుకుంది. పడుకోవడానికి చోటిచ్చింది, పూటకింత జొన్నగటక పోసింది. ఇక మాకో నీడ దొరికిందనుకున్నాను. మా అవ్వ ఎట్లా కొనుక్కుందో నేనూ అట్లాగే వాణ్ణి కొనుక్కోవాలనుకున్నాను. రైసుమిల్లు వాకిట్లో రాలిన తవుడు రోజూ ఇంత ఊడ్చి, రాళ్లు ఏరి దాచాను. చాటెడైన రోజున మూటగట్టుకుని పరుగున పోయాను.

వాడు వాకిట్లో కోళ్ల వెంట ఉరుకుతున్నాడు. బుగ్గలొచ్చాయి. నూనె రాసి తల దువ్వారు. నన్ను చూసి నవ్వాడు. నా ప్రాణం లేచివచ్చింది. అంతలో వాడి చూపు నా చేతిలో మూట మీద పడింది. మూట అంచున తవుడు రాలుతోంది.

వాడి మొహం మారిపోయింది. లోపలికి ఉరికి ఆమె కాళ్లు చుట్టేసుకున్నాడు.

"అవ్వా, తవుడు తీస్కోకే! నన్ను ఇయ్యకే!"

ఆమె నా వైపు చూసింది. వాణ్ణి ఎత్తుకోవడానికి కూడా భయపడ్డట్టు రెండు చేతులూ గాలిలోనే ఉంచింది. అడిగితే ఇచ్చేసేదే, నాకిప్పటికీ ఆ నమ్మకం ఉంది.

"పరేషాన్ గాకురా. మీ కోళ్లకు తెచ్చిన" అన్నాను.

మూట విప్పి తవుడంతా వాకిట్లో పోశాను. కోళ్లు ఉరికొచ్చాయి. వాడు ఆమె కొంగు చాటునుంచి తొంగిచూసి, కోళ్లు నిజంగానే తింటున్నాయని నమ్మకం కుదిరాక, మెల్లగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.