మిక్సీ వేస్తే ఆగిపోయే కంప్యూటర్

చిట్టీ, నువ్వు కన్నుమూసిన ఏడాదికి నీ కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను. పచ్చడికి మిక్సీ వేయగానే అది ఠక్కున ఆగిపోయింది.

"కంప్యూటర్ మంచిగనే ఉందక్కా. రెండిటికీ ఒక్కటే వైరు. మిక్సీ తిరిగితే దీనికి కరెంటు సాలుతలేదు" అన్నాడు రిపేరుకు వచ్చిన తమ్ముడు.

మన ఇబ్రహీంపట్నంలో పొలాలన్నీ ప్లాట్లవుతున్న ఆ రోజుల్లో నువ్వు చిన్నపిల్లవు. నువ్వు దాని మీద గీసే బొమ్మలు ఇలాగే మధ్యలో పోయేవి. "నా మిక్సీతోనా బిడ్డా?" అంటే, "కాదమ్మా, గిది ముసల్దైంది" అని నవ్వేదానివి. ఆ తర్వాత నేను మిక్సీ జారు పట్టగానే నువ్వే కంప్యూటర్ బంద్ చేసి, వచ్చి నా పక్కన కూర్చునేదానివి. ఆకలేసిందనుకున్నాను. నా మిక్సీ వల్లేనని నీకు అప్పుడే తెలుసా తల్లీ?

ఇది చదివే అక్కలారా, ఒక్క ప్లగ్గుతో పిల్లలను పెంచిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వేళకు కడుపునిండా తినండి.