బాబాయి వంటగది తనిఖీ

మా బాబాయి ఏ ఊరు వెళ్లినా ముందు చూసేది ఆ ఊరి వంటగదినే. కొండలు, కోటలు, జలపాతాలు ఆ తర్వాత. బస్సు దిగీ దిగగానే హోటల్లో దూరి, వంటవాడి భుజం మీదుగా బాణలిలోకి తొంగిచూసి, "ఇందులో గోధుమ ఉందా?" అని అడిగితే గానీ ఆయనకు ప్రయాణం మొదలైనట్టుండదు.

గోధుమలో ఉండే గ్లూటెన్ పడదట. ఆవగింజంత లోపలికి పోయినా మూడు రోజులు మంచం దిగలేడట. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి బయటపడిందని ఆయనే చెప్పాడు. అప్పటి నుంచి మేం బట్టల పెట్టెలు సర్దుకుంటే ఆయన గిన్నెల పెట్టె సర్దుకుంటాడు. ఒక మూకుడు, ఒక గరిట, రెండు కంచాలు. రెండెందుకంటే, ఆయనకు పడనిది పిన్ని కూడా ముట్టదు. పాపం మహా ఇల్లాలు, మొగుడి చాదస్తానికి తన నోరు కట్టేసుకుందని ఇంటిల్లిపాదీ జాలిపడేవాళ్లం.

ఒకసారి ఓ పెద్ద హోటల్లో బాబాయి తిన్నగా వంటగదిలోకి నడిచి గరిటెలు వాసన చూడటం మొదలుపెట్టాడు. తనిఖీ అధికారి వచ్చాడనుకుని మేనేజరు హడలిపోయాడు. పది నిమిషాల్లో నేల కడిగించి, అందరి నెత్తిన టోపీలు పెట్టించి, లైసెన్సు తెచ్చి చేతిలో పెట్టాడు. బాబాయి దాన్ని శ్రద్ధగా చదివి, "అంతా బాగుంది గానీ, సూపులో గోధుమ ఉందా?" అన్నాడు.

ఆయన దగ్గర పదకొండు ప్రశ్నల పాఠం ఒకటుంది. పిండి ఏది, సాస్ ఏది, ఏ నూనెలో ఏం వేయించారు, గరిట కడిగారా, చెయ్యి కడిగారా. ఆకలితో నకనకలాడుతూ ఆ పాఠాన్ని ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. నాకైతే మొత్తం కంఠతా వచ్చు. పెళ్లిళ్లలో ఆయన్ని అనుకరించి నలుగురినీ నవ్వించిన ఘనుణ్ణి నేనే.

ఈ వేసవిలో అందరం కలిసి సముద్రం ఒడ్డుకు బయల్దేరాం. మాకంటే పిన్నికి సంబరం ఎక్కువ. బడిలో పిల్లలకు భూగోళం చెబుతూ ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద లైట్‌హౌస్ బొమ్మలు వేయడమే గానీ, దగ్గరగా ఒక్కటీ చూసింది లేదు. మేం వెళ్లే చోటికి ఎదురుగా ఓ దీవి, దాని మీద లైట్‌హౌస్ ఉందని తనే కనిపెట్టింది. దీవికి పడవ వారానికి ఒక్కటే, మేం చేరిన మర్నాడు పొద్దున. కారెక్కినప్పటి నుంచి లైట్‌హౌస్‌కు నూట ఎనభై మెట్లని, దాని దీపం ఎంత దూరం కనిపిస్తుందో తెలుసా అని చెబుతూనే ఉంది. ఆ హుషారు మాకందరికీ అంటుకుంది, బాబాయికి తప్ప. ఆయన మధ్యాహ్నం భోజనం గురించి దిగులుగా ఉన్నాడు.

మా లాడ్జిలో వంట మాస్టారు నిదానస్తుడు. బాబాయి పాఠం చేతులు కట్టుకుని విన్నాడు. తొమ్మిదో ప్రశ్న దగ్గర బయట నాన్న హారన్ మీద చెయ్యి తియ్యలేదు. సామాను దించాలి, రమ్మని. బాబాయి మిగతా రెండూ మింగేసి పరుగెత్తాడు.

భోజనాలకు కూర్చున్నాం. అన్నం, కూరగాయల గ్రేవీ. బాబాయి సగం కంచం ఖాళీ చేశాడు. పిన్ని మాత్రం రేపటి పడవ గురించి చెప్పడంలో పడి అన్నం ఇంకా కలపనే లేదు. మాస్టారు మురిసిపోతూ వచ్చి ఎలా ఉందని అడిగాడు. మేం మెచ్చుకున్నాం.

"పల్చగా ఉందని చివర్లో రెండు చెంచాలు మైదా కలిపానండీ," అన్నాడాయన. "మీరు చెప్పారని గోధుమ మాత్రం దగ్గరికి రానివ్వలేదు."

మైదా వచ్చేది గోధుమ నుంచేనని ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పలేదు. అది పదో ప్రశ్న.

నేను బాబాయిని పట్టుకోవడానికి లేచాను. ఆయన తన కంచం వైపు చూడనైనా లేదు. ఒక్క ఉదుటున పిన్ని ముందున్న కంచం లాగేశాడు.

"తిన్నావా?"

"లేదండీ, ఇంకా కలపలేదు."

"హమ్మయ్య," అని కూలబడి, ఆ కంగారులో పిన్ని కంచంలోది కూడా తినసాగాడు.

"ఒరే, అందులో మైదా ఉందిరా," అన్నాడు నాన్న.

బాబాయి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. మేం ఆయన పడిపోతాడేమోనని చూస్తున్నాం. ఆయనకు ఏమీ కాలేదు, గుండ్రాయిలా ఉన్నాడు. పిన్ని తలవంచుకుని, పడనిది తనకేనని చెప్పింది. కొత్త కోడలిగా ఓ చుట్టాలింట్లో ఇందులో గోధుమ ఉందా అని అడిగితే, ఎంత నాజూకో అని అందరూ నవ్వారట. సిగ్గుపడి తినేసి మూడు రోజులు మంచం పట్టిందట. ఆ తర్వాత ప్రాణం పోయినా అడగనంది. అందుకని జబ్బును ఈయన తన పేరున రాయించుకున్నాడు.

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు అన్నయ్యా," అన్నాడు బాబాయి. "అది వాళ్లకు అలవాటేగా."

అలా నవ్విన వాళ్లలో మొదటి వరస నాది. నాకు నిజంగా సిగ్గేసింది.

నాన్న తమ్ముడి వైపు తిరిగాడు. "చిన్నప్పుడు నా బన్ను కూడా లాక్కుని తినేవాడివి కదరా. ఇన్నేళ్లు అవి ముట్టకుండా ఎలా ఉన్నావు?" అన్నాడు. బాబాయి గిన్నెల పెట్టె తీసుకుని వంటగదిలోకి వెళ్లాడు. పిన్నికి మళ్లీ వంట అయ్యేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాడు.

మర్నాడు పిన్ని నూట ఎనభై మెట్లూ మాకంటే ముందు ఎక్కేసింది. పైన రెయిలింగు పట్టుకుని సముద్రాన్ని చూసి చిన్నపిల్లలా గెంతింది. దిగి వచ్చాక రేవు దగ్గర తినుబండారాల బండిని చూసి తనే ముందు నడిచింది.

"నాకు గోధుమ పడదండీ. ఏమున్నాయి?" అని అందరికీ వినపడేలా అడిగింది.

బండతను నవ్వలేదు. అరటిపళ్లు ఉన్నాయని చెప్పాడు, అంతే. పిన్ని రెండు పళ్లు తీసుకుని, బాబాయి కోసం ఓ పెద్ద బన్ను కొని చేతిలో పెట్టింది.

బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. బండతని వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "ఇందులో గోధుమ ఉందా?" అన్నాడు.

"బన్ను కదండీ, మొత్తం అదే," అన్నాడతను.

"హమ్మయ్య," అని బాబాయి కళ్లు మూసుకుని కొరికాడు.