నేను చదివేటప్పుడు ఆగిన చప్పుడు

దయ్యాల ముచ్చట మొదలైతే లేచిపోయే మనిషిని నేను. భయమై కాదు, చేతిలో పని ఆగిపోతుందని. చిన్నప్పుడు అనంతగిరి అడవిలో ఒక్కదాన్నే కట్టెలకు తిరిగాను. ఇరవై ఏళ్లు తాండూరులో బండలు పాలిష్ చేసే చోట పనిచేశాను. బండల గనిలో చనిపోయినవాళ్లను కళ్లారా చూశాను. వాళ్లలో ఒక్కరూ మళ్లీ వచ్చి నన్ను పలకరించలేదు. ఇప్పుడు రాసేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. బండల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని, ఇంకా ఆ పనికే పోతే మంచాన పడతానని డాక్టరు అన్నాడు. వికారాబాద్‌లో చెల్లెలింటికి వచ్చి ఊరికే కూర్చున్న ఆ రోజుల్లో, మహిళా సంఘం వాళ్లు సాయంత్రాలు చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. రెండేళ్లకు పేపరు కూడబలుక్కుని చదవగలిగాను.

అప్పుడే బస్టాండు వెనక, బట్టల దుకాణం పైన, రెండు గదుల్లో ఒక ఆఫీసు తెరిచారు. ఫోన్లకు మన మాట నేర్పే పని. తెర మీద ఒక వాక్యం వస్తుంది, మనం చదవాలి, యంత్రం దాన్ని దాచుకుంటుంది. పట్నం పిల్లల గొంతులు వాళ్ల దగ్గర బోలెడున్నాయట. మా వయసు ఆడవాళ్లవే లేవట. మేం మాట్లాడితే ఫోనుకు అర్థం కాకపోవడం అందుకేనట.

ఆఫీసు చూసుకునే అమ్మాయి పేరు సాదియా. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేసింది. ఒక పొద్దున గేటు దగ్గర కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదట. ఉద్యోగం పోయిందని అలా తెలిసిందట. నవ్వుకుంటూనే చెప్పేది.

"జూడు పెద్దమ్మా, చిన్నప్పటిసంది సదివిన నా కొలువు వాయె. నిన్నగాక మొన్న సదివిన నీకు కొలువొచ్చె."

"మరి గీ మిషినుకు మాటలన్నీ వచ్చినంక మనల్ని ఏం జేస్తరు బిడ్డా?" అని అడిగాను.

"ఇంటికి పొమ్మంటరు. గప్పటిదాంక జర నిమ్మళంగ నేర్పుదాం తియ్యి."

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. మీట నొక్కాక ఐదు సెకన్లు మాట్లాడకూడదు. తర్వాత వాక్యం చదవాలి. చదివాక మళ్లీ ఐదు సెకన్లు ఊరుకుని, ఇంకోసారి మీట నొక్కి ఆపాలి. గది మౌనం ఎలా ఉంటుందో యంత్రానికి తెలియాలట. తెలిస్తే ఆ మౌనాన్ని గొంతులోంచి తీసేసి, గొంతును మాత్రం ఉంచుకుంటుందట.

చప్పుడు తగలకుండా గోడలకు బొంతలు వేలాడదీశారు. పని చేసే ఆడవాళ్లం తలా ఒకటి తెచ్చాం. మధ్యాహ్నం రెండు గంటలకు, ఫ్యాను ఆపి, ఆ పాత చీరల రంగుల నడుమ కూర్చుంటే నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది. కిటికీ బొంతలోంచి వెలుతురు కాస్త ఎర్రగా, కాస్త పచ్చగా దిగేది. నా గొంతు నాకే ఎక్కడినుంచో వచ్చినట్టు వినపడేది.

మేం చదివినవి తాండూరులో ఇంకో ఆఫీసుకు పోతాయి. అక్కడి అమ్మాయిలు విని, బాగుంటే ఉంచుతారు, లేకపోతే కారణం రాసి వాపసు పంపుతారు. వాళ్లకు మా పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. మొదటి నెలలో వాపసులు ఎక్కువైతే ఆ నంబరు మూసేస్తారు.

మూడో వారంలో నావి వాపసు రావడం మొదలైంది. తెర మీది కారణాన్ని ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదివాను. "వెనక ఎవరో చాటతో చెరుగుతున్నారు. ఆపించి మళ్లీ చదవండి."

గదిలో నేను తప్ప ఎవరూ లేరు. సాదియా ఆ ఫైలు నా చెవులకు పెట్టి వినిపించింది. నిజంగానే ఉంది. గింజలు లేచి చాటలో పడే చప్పుడు, సన్నగా, దగ్గరగా.

"కింద దుకాణపోళ్లు ఏమన్న దులుపుతుండ్రా?" అంటూ సాదియా దిగిపోయింది. ఆ వేళ దుకాణం మూసి ఉంది. పక్కిళ్ల తలుపులూ కొట్టింది. ఎవరి చేతిలోనూ చాట లేదు. మైకు మార్చింది. నా కుర్చీలో ఇంకొకామెను కూర్చోబెట్టింది. ఆమెవి శుభ్రంగా వచ్చాయి. చివరికి తనే నా పక్కన ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. గదిలో ఏమీ వినపడలేదు. ఫైలులో మాత్రం ఉంది.

రెండు రోజుల తర్వాత తాండూరు నుంచి వచ్చిన కారణం పొడుగ్గా ఉంది. చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. "మీరు చదివేటప్పుడు చెరగడం ఆగుతోంది. మీరు ఆపగానే మొదలవుతోంది. వాళ్లకు మీ గొంతు వినపడుతున్నట్టుంది. దయచేసి బయటికి పంపండి."

ఆ కారణాన్ని ఇంకోసారి మొదటినుంచి కూడబలుక్కుని చదివాను.

మా అమ్మ తాండూరులో పప్పు మిల్లులో పనిచేసేది. ఆడవాళ్లు వరసగా కూర్చుని కందిపప్పు చెరిగేవాళ్లు. నేను పక్కన రాళ్లు ఏరుతూ, ఆ చప్పుడుకే నిద్రపోయేదాన్ని. మిల్లు గుమస్తా అన్నం తిన్నాక పేపరు పైకి చదువుకునేవాడు. ఆయన గొంతు ఎత్తగానే అమ్మ చేతులు ఆగేవి. చాట మోకాళ్ల మీద పెట్టుకుని, తల కాస్త వంచి వినేది. ఆయన పేజీ తిప్పే లోపల గబగబా నాలుగు చెరుగులు చెరిగేది. మళ్లీ చదివితే మళ్లీ ఆగేది. అమ్మకు చదువు రాదు. వినడమంటే అంత ఇష్టం. ఆమె పోయిన చాలా ఏళ్లకు నాకు అక్షరాలు వచ్చాయి. నేను చదవగా ఆమె ఒక్కసారీ వినలేదు.

ఈ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

"పెద్దమ్మా, రేపు ఇరవై వాక్యాలు. గవి గూడ వాపసొస్తె నీ నంబరు బంద్ జేస్తరట. నా చేతుల ఏం లేదు," అంది సాదియా. తన గేటు కార్డు గుర్తొచ్చిందేమో. నాకు మాత్రం బండల దుమ్ము గుర్తొచ్చింది.

మర్నాడు రెండు గంటలకు కూర్చున్నాను. మీట నొక్కకముందే, బొంతల వైపు చూసి, సిగ్గుపడుతూనే అన్నాను. "అమ్మా, జర ఆపవే. నా కొలువు పోతది."

ఇరవై వాక్యాలూ చదివాను. తాండూరు రైలు ఎన్ని గంటలకు, రేపు వాన పడుతుందా, మర్పల్లికి దారి ఎటు, అన్నీ అలాంటివే. సాయంత్రానికి ఇరవైకి ఇరవై నిలిచాయి. సాదియా మెట్ల మీదే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

ఆ తర్వాత చప్పుడు మళ్లీ రాలేదు.

కొన్ని నెలలకు మీటింగు ఉందని మమ్మల్ని తాండూరు పిలిచారు. రైల్లో ధారూర్ దాటాక కంది చేలు పసుపు పూలతో ఊగుతున్నాయి. ఆఫీసులో నా ఫైళ్లు విన్న అమ్మాయిని వెతికి పట్టుకున్నాను. పేరు కవిత. నా నంబరు చెప్పగానే నవ్వింది.

"చెరిగే ఆమె నువ్వేనా అక్కా?"

"నేను గాదు బిడ్డా, చదివేదాన్ని. ఎట్లుండె గా చప్పుడు? జర కొట్టి చూపియ్యవా?"

ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టి చూపించింది. మూడుసార్లు మెత్తగా. ఆపైన వేలి గణుపుతో ఒక్కసారి, ఠక్కున.

"మా నానమ్మ గూడ చెరిగేది గని, గీ ఠక్కు ఉండకపోయేది," అంది.

మా అమ్మ ఎడమ చేతికి వెండి కడియం ఉండేది. మూడు సార్లు ఎగరేసి, పొట్టు రాలడానికి చాట అంచును దాంతో కొట్టేది. మిల్లులో ఇంకెవరూ అలా చేసేవాళ్లు కాదు. నేను విన్న ఒక్క ఫైలులో, అప్పటి కంగారులో, ఆ ఠక్కు నా చెవికి అందలేదు. కడియం ముచ్చట నేను ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ ఫైళ్లు మళ్లీ వినిపించమని అడిగాను. వాపసు వచ్చినవి పదిహేను రోజులకే తీసేస్తారట, ఎక్కడా ఉండవట.

మైకు తీగల్లో ఏదో చప్పుడు కలిసి ఉంటుందని సాదియా అంటుంది. చదువుకున్న పిల్ల, ఆమె మాటే నిజం కావచ్చు. కానీ నేను చదువుతుంటే ఆగాలని తీగకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు. ఆపమన్నది నేనే అన్న ఒక్కటి మాత్రం తెలుసు.

ఇప్పటికీ రోజూ ఆఖరి వాక్యం చదివాక ఐదు సెకన్లు దాటినా మీట నొక్కను. "పెద్దమ్మా, చాలు, ఎంతసేపు గుంజుతవ్?" అని తలుపు అవతలి నుంచి సాదియా అరుస్తుంది. ఇంకాసేపు కూర్చుంటాను.

నా నంబరు నడుస్తూనే ఉంది. మౌనం శుభ్రంగా ఉందని తాండూరు నుంచి రాస్తున్నారు.