మామ ఏడని అడిగినప్పుడల్లా

మామగారు పోయిన కొన్నేళ్ళకు మా అత్తగారికి మతిమరుపు వచ్చింది. దువ్వాడలో మా ఇంటి వరండాలో కూర్చుని, "మీ మామ ఏడే? ఇంకా రాలేదేటి?" అని అడిగేది. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసిన మనిషి. అందుకని, "డ్యూటీకెల్లారత్తా, వచ్చేత్తారు" అనేదాన్ని. ఊరుకునేది. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ అదే జవాబు చెప్పి చెప్పి నా గొంతంటే నాకే విసుగొచ్చేది.

అప్పుడు నా కూతురు ఒకటో తరగతి. ఒకరోజు మామ్మ ఎదురుగా నిలబడి, "తాత సచ్చిపోయాడు కదా!" అనేసింది. అత్తగారు ఆ కబురు అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది. సాయంత్రందాకా ఓదార్చలేకపోయాను. పిల్లను కేకలేస్తే బిక్కమొహం వేసి, "అబద్దమాడితే కళ్ళు పోతాయన్నావు కదమ్మా" అంది. అన్నది నేనే.

ఆరో తరగతికి ఆ భయం పోయింది గానీ పట్టుదల వచ్చింది. "నువ్వాడితే పర్లేదు, నానాడితే కొడతావు. ఇదెక్కడి రూలు?" అని నిలదీసేది. మామ్మ ఎక్కడ అడుగుతుందోనని పెరటి గుమ్మంలోంచి బడికి వెళ్ళేది. టెన్త్ నాటికి నాకంటే చక్కగా అబద్ధం చెప్పడం నేర్చింది. చుట్టాలు ఉంటే మరీ ముద్దుగా, "తాతకి ఓవర్‌టైమ్ పడింది మామ్మా" అనేది. ఎంత మంచి పిల్లో అని వాళ్ళు మెచ్చుకుంటే దాని మొహం వెలిగిపోయేది. నాకో సాయం దొరికిందనుకున్నాను. అంతకుమించి ఆలోచించే ఓపిక లేదు.

ఇంటర్ రెండో ఏడాదిలో, ఉక్కపోసే ఓ మధ్యాహ్నం అత్తగారు మళ్ళీ అడిగింది. పిల్ల పుస్తకం మూసి వెళ్ళి పక్కన కూర్చుంది.

"తాత మీద బెంగగా ఉందేటి మామ్మా?"

"ఉండదేటే మరి?"

"ఎలాగుండేవోడు తాత?"

అత్తగారు చెప్పడం మొదలుపెట్టింది. షిఫ్టు దిగొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే మంచమెక్కేవాడట. పెళ్ళైన కొత్తలో సముద్రస్నానం చేయిస్తానని తీసుకెళ్ళి, అల చూసి తనే వెనక్కి పరిగెత్తాడట. అది చెబుతూ నవ్వింది. చాలాసేపటికి, "పోయాడు కదే" అని తనంతట తనే అంది. ఏడవలేదు. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మళ్ళీ అదే ప్రశ్న. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. "డ్యూటీకెల్లారత్తా" అనేసి, తప్పుపడుతుందేమోనని పిల్ల వైపు చూశాను.

అది పాలగిన్నె దించింది. "నీకు ఓపిక లేనప్పుడు అలాగే సెప్పమ్మా. నానున్నప్పుడు నాను కూర్చుంటాను. నువ్వెళ్ళి కాసేపు పడుకో."

అత్తగారు మరో ఏడాది ఉంది. ఎవరికి చేతనైన జవాబు వాళ్ళం చెప్పుకొచ్చాం. ఏది ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఆదివారం మాత్రం వెళ్ళి పడుకున్నాను. అన్నాల వేళదాకా లేవలేదు.